ఐదు రూపాయల బోణీ

జాహేదాకు భయం కొత్త కాదు. బల్లిని చూసినా పోలీసును చూసినా ఒకేలా వణికే పిల్ల. అలాంటి పిల్ల తొంభై ఏడులో, మహబూబ్‌నగర్‌లో, సర్కస్ టికెట్ల కిటికీలో కూర్చుందంటే నమ్మండి మరి! ఆడవాళ్ల వరస వేరు కాబట్టి అక్కడ ఆడమనిషే ఉండాలి. పైగా ఆ ఏడు టికెట్లు పుస్తకంలోంచి చించి ఇవ్వడం లేదు, కంప్యూటర్ అచ్చు వేసి ఇస్తోంది. ఆ వీధిలో కంప్యూటర్ నేర్చుకున్న ఆడపిల్ల ఈమె ఒక్కతే. తండ్రి షరీఫ్‌ది గాజుల దుకాణం. పనికి పంపడానికి ఒప్పుకున్నాడు గానీ, పేరు మీద మచ్చ పడిందా, మళ్లీ గడప దాటేది లేదని ముందే చెప్పాడు. ఆ మాట తలచుకుంటేనే జాహేదాకు అన్నం సహించేది కాదు.

టికెట్ల గుత్తేదారు అమరేందర్ ఆమె పేరు మిషన్‌లో ఎక్కించి, పని చూపించాడు. ఆడవాళ్ల నేల టికెట్టు ఇరవై. ధర మార్చాలంటే కొత్త అంకె కొట్టాలి, ‘ఖాయమా?’ అని మిషన్ అడిగితే అవునని నొక్కాలి. అంతే, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఆట. కిటికీ తెరవగానే ముందుకొచ్చిన మనిషి బిక్షమ్మ అనే ముసలామె. కోస్గి వైపు నుంచి ఏనుగును చూడాలని వచ్చింది. చేతిలో నలిగిన ఐదు రూపాయల నోటు తప్ప ఇంకేం లేదు. “మొదాలు నేనే వచ్చిన బిడ్డా, వాపస్ పంపకు,” అంది.

జాహేదా దుకాణం బిడ్డ కదా! బోణీ మనిషిని ఖాళీ చేతులతో పంపితే ఆ రోజు బేరం సర్వనాశనమేనని పుట్టినప్పటి నుంచి వింటోంది. షరీఫ్ కూడా మొదటి గిరాకీకి నష్టానికైనా గాజులు తొడిగేవాడు. తనే తక్కువ పడ్డది వేద్దామంటే దగ్గర బస్సు కిరాయి తప్ప లేదు. చటుక్కున ఇరవై చెరిపి ఐదు కొట్టింది, ఖాయం చేసింది, టికెట్టు ఇచ్చింది. మళ్లీ ఇరవై కొట్టింది. ఇంతలో వెనకున్న ఆడవాళ్లు కిటికీ మీద పడ్డారు. మిషన్ ‘ఖాయమా?’ అని అడిగిన సంగతి ఎవరు చూశారు? హడావుడిలో ఏదో మీట నొక్కితే ఆ ప్రశ్న కాస్తా మాయమైంది. ఇరవై రూపాయలు తీసుకుంటోంది, టికెట్లు చేతిలో పెడుతోంది.

ఆట సగంలో ఒక మనిషి భార్య టికెట్టు పట్టుకుని వచ్చాడు. దాని మీద ఐదని ఉందట. మిగతా పదిహేను ఎవరి జేబులోకి పోయిందని నిలదీశాడు. జాహేదా ఆ టికెట్టు తీసుకుని చూసింది. ఐదు. దాని కిందే, అమ్మిన మనిషి పేరు, జాహేదా. పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా తనను దొంగ అనబోతోంది, తండ్రి చెవిన పడబోతోంది. 

ఆ గొడవకు అమరేందర్ వచ్చాడు. అది పన్ను అంకె అని ఆ మనిషికి సర్దిచెప్పి పంపేశాడు. తర్వాత తలుపు వేశాడు. జాహేదా జరిగిందంతా చెప్పేసింది. డబ్బంతా సొరుగులోనే ఉందని ప్రమాణం చేసింది. తిడతాడనుకుంది, పోలీసులంటాడనుకుంది. ఆయన నవ్వాడు!

“మంచిగనే అయింది పో. మిషన్ల ఐదే ఉంటే సర్కారుకు ఐదు మీదనే పన్ను కడ్తం. రేపటికెల్లి గట్లనే ఉంచు.”

“టికెట్ల మీద నా పేరున్నది సార్,” అంది జాహేదా.

“ఉంటే ఏమైతది? నువ్వు ఫికర్ చెయ్యకు.”

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటుంది, మీరే చెప్పండి! పొరపాటుకు పడ్డ భయం ఒక ఎత్తు, పొరపాటు కానిదానికి పడే భయం ఒక ఎత్తు. మర్నాడు కిటికీ తెరవకముందే ఇరవై కొట్టింది, ఈసారి చూసుకుని మరీ ఖాయం చేసింది. గంట తిరక్కుండానే అమరేందర్ ఒక టికెట్టు చూశాడు.  ఆమెను లేపి, జడ్చర్ల నుంచి పిలిపించిన ఇంకో పిల్లను కూర్చోబెట్టాడు.

జాహేదా దుకాణానికి వెళ్లి తండ్రితో అంతా చెప్పింది. ఉద్యోగం పోయినా మచ్చ పడకుండా బయటపడ్డానంది. షరీఫ్ తాడుకు గుచ్చిన గాజుల మలారం సర్దుతూ విన్నాడు, కోప్పడలేదు. మలారం కొక్కేనికి తగిలించి అడిగాడు.

“మిషన్లకెల్లి నీ పేరు తీసేసినవా బేటీ?”

 జాహేదాకు ఆ సంగతే తట్టలేదు.

షరీఫ్ దుకాణం మూసి వెంట వచ్చాడు. సర్కస్ మైదానం గేటు దగ్గర ఆయన ఆగిపోయాడు. జాహేదా బురఖా ముఖం మీదకు లాక్కుని ఆడవాళ్ల వరసలో నిలబడింది. తన వంతు రాగానే ఇరవై రూపాయల నోటు లోపలికి పెట్టింది. కొత్త పిల్ల తలెత్తకుండా టికెట్టు ఇచ్చింది. ఐదు రూపాయలని ఉంది. కింద జాహేదా అని ఉంది. వెనక ఇంకా ఎంతమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారో తిరిగి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.