సాక్ష్యం చెప్పి మాత్ర మానేశాను

సహోదరీ సహోదరులారా, పోయిన సంవత్సరం ఇదే మైకు ముందు నిలబడి మీకు ఒక సాక్ష్యం చెప్పాను. మీరంతా చప్పట్లు కొట్టారు, కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. ఆ చప్పట్లు ఈ రోజు వెనక్కి తీసుకోండి, ఎందుకంటే ఆ రోజు నేను సగమే చెప్పాను, మిగిలిన సగం దాచినందుకు నా చేతులు పోగొట్టుకోబోయాను!

నా సంగతి మీకు తెలుసు. ముసునూరు దారిలో ఉన్న మామిడికాయల షెడ్డులో పనిచేస్తాను. చిన్న రసాలు, బంగినపల్లి ఏరి, తొడిమ కత్తిరించి, సొన కారిపోయాక ట్రేలలో సర్దడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. అటువంటిదాన్ని ఒక వేసవిలో ఉదయం లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ కణుపుల దగ్గర ఉబ్బిపోయి, గంటసేపు పిడికిలి ముడుచుకోక, గ్లాసు కూడా పట్టుకోలేక ఏడ్చాను. షెడ్డులో అందరూ చికెన్‌గున్యా అన్నారు, నేనూ అదే అనుకుని నెలల తరబడి తైలాలు రాసుకున్నాను. మా పాప ఎనిమిదేళ్ళది, దాని జుట్టు నడుము దాకా ఉంటుంది. ఆ జడ అల్లలేక దువ్వెన కింద పడేసిన రోజున మా ఆయన నన్ను ఆటోలో ఎక్కించి విజయవాడ తీసుకెళ్ళాడు.

అక్కడ కీళ్ళ డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి, నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఎంత ఓపికగా చెప్పిందో! "రోగాలతో పోరాడాల్సిన మీ ఒంట్లోని రక్షణ కణాలు పొరపాటున మీ కీళ్ళనే శత్రువులనుకుంటున్నాయమ్మా. అవి పంపే రసాయనాల వల్ల కీలు లోపలి పొర వాచిపోతోంది. అక్కడ పుట్టే ఎంజైములు ఎముకల మధ్య ఉండే మెత్తని మృదులాస్థిని కరిగిస్తాయి, వదిలేస్తే ఎముకే అరిగిపోతుంది. మీ మామిడికాయ మెత్తబడేది కూడా దానిలోని ఎంజైముల వల్లే. పండిన పండు మళ్ళీ కాయ అవుతుందా? అరిగిన కీలు కూడా అంతే. అందుకే నొప్పి తగ్గినా సరే, నన్ను అడగకుండా మందు మానకండి" అంది. ఆ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి, ఆ రోజు మరిచిపోకూడదంటే నేను ఆదివారం ఎంచుకున్నాను.

మీరంతా ప్రార్థించారు, నేను మందు వేసుకున్నాను. మూడు నాలుగు నెలల్లో వాపు దిగి చేతులు ఆడాయి, దేవునికే మహిమ! ఆ సంతోషంలో ఇక్కడ నిలబడి, ప్రభువు ముట్టాడు, పూర్తిగా నయమైందని చెప్పాను గానీ మాత్ర మాట ఎత్తలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి మాత్ర చేతిలోకి తీసుకుంటే సిగ్గేసింది. నయమైందని అంతమందిలో చెప్పి మళ్ళీ మందు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా అనుకుని ఆ మాత్రలన్నీ బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. కొన్ని వారాలు ఏమీ కాలేదు. చూశావా, నా విశ్వాసం ఎంత గొప్పదో అని నన్ను నేనే మెచ్చుకున్నాను!

కాయలు దిగే రోజులొచ్చాయి, నొప్పి కూడా వచ్చింది, ఈసారి రెట్టింపుగా. ఎవరికి చెప్పను? చీర కొంగు చేతుల మీద కప్పుకుని గుడికి వచ్చేదాన్ని. ప్రభు బల్ల రోజున ద్రాక్షరసం ఇచ్చే ఆ చిన్న గ్లాసు వేళ్ళతో పట్టుకోలేనని తెలిసి తల వంచుకుని వద్దన్నాను. బల్ల వదిలేసిందంటే ఏదో పాపం చేసి ఉంటుందని మీలో కొందరు గుసగుసలాడారు. నాకు కోపం లేదు లెండి, మీ స్థానంలో ఉంటే నేను ఇంకా గట్టిగా ఆడేదాన్ని.

మన అమ్మగారు, పాస్టరుగారి భార్య, మర్నాడే మా ఇంటికి వచ్చారు. "ఏంటమ్మా సుగుణా, బల్ల ఎందుకు వదిలేశావు?" అన్నారు. ఒంట్లో నలతగా ఉందండీ అని బొంకాను. అంతలో మా పాప బడికి బయల్దేరుతూ, చెవి పక్కనుంచి పక్షి గూడులా జుట్టు వేలాడుతుంటే, "అమ్మ జడ వేయట్లేదండీ, నాన్న వేస్తున్నాడు, క్లాసులో నవ్వుతున్నారండీ" అంది. అమ్మగారు నా కొంగు తీసి చేతులు చూశారు. ఒక్క మాట తిట్టలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత తన సంచిలోంచి మందుల చీటీ తీసి, "నేను ఎన్నో ఏళ్ళుగా షుగరు మాత్ర వేసుకుంటున్నాను. ఏ రోజూ నా దేవుడు చిన్నబుచ్చుకోలేదు. ఆ డాక్టరమ్మకి బుద్ధి ఇచ్చింది ఎవరనుకున్నావు?" అన్నారు.

సహోదరులారా, ఆ నేల మీదే కూలబడి ఇలా ప్రార్థించాను. "తండ్రీ, నీ పేరు నిలబెట్టాలని అబద్ధమాడాను. నీకు నా అబద్ధం అక్కర్లేదు. నా గొప్ప నాకొద్దు, నా బిడ్డ తల దువ్వే చేతులు చాలు నాయనా!"

మళ్ళీ విజయవాడ వెళ్ళాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి నిట్టూర్చి, మందు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. వాపు దిగింది. కానీ ఇదిగో, ఈ కుడిచేతి రెండు వేళ్ళు చూడండి, ఇవి ఇక తిన్నగా రావు. నా దేవుడు క్షమించాడు, నా ఎముక మాత్రం తిరిగి రాలేదు. అయినా ఈ ఎనిమిది వేళ్ళతో పాప జడ నేనే అల్లుతున్నాను, కాస్త వదులుగా ఉంటే ఉండనీ! నిన్న అది అద్దంలో చూసుకుని, "బాగుందమ్మా" అంటే ఆ పిల్లను పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఈ కృపకు నేను తగినదాన్ని కాదు, ఆయనకే స్తోత్రం.

మీలో ఎవరైనా నాలాగే సాక్ష్యం చెప్పి, సిగ్గుతో మందు దాచుకున్నవారు ఉంటే, ప్రార్థన మానకండి, మందూ మానకండి. ఆ రెంటికీ ఆయనే యజమాని, నమ్మి ఆయన చెంతకు రండి. ఈ రోజు ఆదివారం, నేను మాత్ర వేసుకోవాల్సిన రోజు. దొంగచాటుగా మానేసినదాన్ని కాబట్టి మీ అందరి ముందే వేసుకుంటాను. అమ్మగారూ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?