బల్ల మీద పన్నెండో రాయి

ఎక్స్‌రే అక్కయ్య ఎవరినీ నమ్మదు. ఈ మాట ఆమె ముందే అనొచ్చు, కోపం రాదు, పైగా కాస్త పొంగిపోతుంది. పద్దెనిమిదేళ్ళు ఓ పెద్ద బట్టల దుకాణం గుమ్మంలో నిలబడి, బయటికి వెళ్ళేవాళ్ళ సంచులు తనిఖీ చేసిన మనిషి మరి. సంచి చంకన పెట్టుకున్న తీరు చూసే లోపల ఏముందో చెప్పేస్తుందని అక్కడివాళ్ళే ఆ పేరు తగిలించారు. ఇంట్లోనూ అదే వరస. చుట్టాలు వెళ్ళాక చెంచాలు లెక్కపెట్టుకుంటుంది. మొగుడు జేబులో చెయ్యి పెట్టుకుని గదిలోకి వస్తే, ఆ చెయ్యి బయటికి వచ్చేదాకా మాట్లాడదు.

కూతురు బడికి వెళ్ళే రోజుల్లో ఆ పిల్ల పెన్సిలు డబ్బా రోజూ తెరిచి చూసేది. ఒకరోజు అందులో సగానికి కోసిన రబ్బరు ముక్క దొరికింది. తాము కొన్నది కాదు. అంతే, మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ ముక్కను టీచరమ్మ చేతిలో పెట్టి వచ్చింది. ఆ కూతురు ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. "నువ్వు అడగవమ్మా, వెతుకుతావు" అంటూ ఇప్పటికీ దెప్పుతుంది. అడిగితే నిజం చెప్పేవాళ్ళయితే సంచులకు జిప్పులెందుకని అక్కయ్య వాదన.

దుకాణం మూతపడ్డాక సైన్సు కేంద్రంలో పని దొరికింది. పాత గోదాముకు మధ్యలో గోడ కట్టి రెండు గదులు చేశారు. బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. మొదటి గదిలో ఆదిమానవులు, రెండో గదిలో కరెంటు. రెండో గదికి బల్బు మాస్టారు పెద్దదిక్కు. రిటైరైన ఫిజిక్సు పంతులు, పిల్లల చేత సైకిలు తొక్కించి ఫ్యాను తిప్పిస్తాడు. మొదటి గది అక్కయ్యది. ఇసుక తొట్టిలో ఉత్తుత్తి ఎముకలు పాతడం, పిల్లలు కుంచెలతో ఊడ్చి బయటికి తీశాక మళ్ళీ పాతడం ఆమె పని.

ఆమె ప్రాణమంతా మాత్రం గది మధ్యలో ఉన్న బల్ల మీదే. దాని మీద పన్నెండు రాతి గొడ్డళ్ళు. పదకొండు పోతపోసిన నకళ్ళు, ఒక్కటి అసలుది. లక్ష ఏళ్ళ కిందట ఎవరో చెక్కుకున్నది. మొదట్లో అది అద్దాల బీరువాలో ఉండేది. ఒకసారి దుమ్ము దులుపుతూ చేతిలోకి తీసుకుంటే, బొటనవేలు దానంతటదే ఒక నొక్కులోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజంతా అక్కయ్య మనిషి మనిషిలా లేదు. ఎవరినీ నమ్మని ఆవిడే, దాన్ని పిల్లలు పట్టుకునేలా బయట పెట్టమని డైరెక్టరమ్మ చుట్టూ ఏడాది తిరిగింది. డైరెక్టరమ్మ చివరికి సరేనంది. "అది ఒక్కసారి కనబడకపోయినా బల్ల ఎత్తేస్తా, మళ్ళీ బీరువాకే" అని కూడా అంది.

అప్పట్నుంచి నాలుగేళ్ళు. ఏది అసలుదో చెప్పండర్రా అంటే పిల్లలు కళ్ళతో చూసి, బాగా పదునుగా కనిపించిన నకలునే చూపిస్తారు. ఒక్కరూ కనిపెట్టలేదు.

ఆ గురువారం వచ్చిన ముప్ఫై మందిలో రెండు జడల పిల్ల ఒకతి అక్కయ్య కళ్ళల్లో పడింది. సంచిని గుండెకు హత్తుకుని నడుస్తోంది. బల్ల దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఉండి, కళ్ళు మూసుకుని ఒక్కో రాయీ ఎత్తి చూసింది. గంట కొట్టగానే అందరూ రెండో గదిలోకి వెళ్ళారు. కాసేపటికి అక్కయ్య తొట్టిలోకి వంగి ఎముకలు పాతుతుండగా, ఆ జడలు రెండూ మళ్ళీ రెండో గది గుమ్మం దాటి వెళ్ళడం కంటికొసన కనిపించింది. లేచి చూస్తే బల్ల మీద పదకొండే ఉన్నాయి. లేనిది అసలుదే.

అయినా అక్కయ్య వెంటపడలేదు. లోపల పట్టుకుంటే ఎవరైనా బుకాయిస్తారు, గుమ్మం దాటేటప్పుడే పట్టుకోవాలి. అది దుకాణం నేర్పిన పాఠం. వెళ్ళి బయటి వాకిట్లో కాపు కాసింది. ఆ అరగంటలో ఆమె అనుమానించని ప్రాణి లేదు. టీచరుకు అంత పెద్ద హ్యాండ్‌బ్యాగు దేనికి? బస్సు డ్రైవరు మంచినీళ్ళకని రెండుసార్లు లోపలికి ఎందుకొచ్చాడు? ఇంకో సైకిలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని మొన్న సణిగింది బల్బు మాస్టారే కదా, బల్ల పోతే ఎవరికి లాభం? తిరిగి తిరిగి మనసు ఆ జడల దగ్గరే ఆగింది.

పిల్లలు వరసగా బయటికి వచ్చారు. "నువ్వు ఆగు. సంచి తెరువు" అంది అక్కయ్య.

పిల్ల తెరిచింది. టిఫిన్ డబ్బా, కొరికిన పెన్సిలు, అడుగున ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన గౌను, డ్రాయరు. బస్సులో వాంతి చేసుకుంటుందని తల్లి పెట్టిన మార్చుకునే బట్టలు. అక్కయ్య వాటినీ విప్పి దులిపింది. వెనకాల పిల్లలు కిసుక్కున నవ్వారు. రాయి లేదు.

అప్పుడే బల్బు మాస్టారు గుడ్డసంచి ఊపుకుంటూ వచ్చాడు. "అక్కయ్యా, ఇది నీ బల్ల మీదదేనా? బరువు కిందికి దిగుతుంటే చక్రం తిరిగి బల్బు వెలుగుతుంది, బరువైనవి ఏవైనా తెండర్రా అన్నాను. తలా ఒకటి తెచ్చారు, పుస్తకాలూ, నీళ్ళ సీసాలూ. అన్నిట్లోకీ దీనికే భలే వెలిగింది!"

సంచిలో ఉన్నది పన్నెండో రాయి.

"నువ్వే ఇచ్చావా? మరి చెప్పలేదేమే?" అంది అక్కయ్య పిల్ల వైపు తిరిగి. గొంతు అప్పటికే దిగిపోయింది.

"మీరు సంచి తెరవమన్నారు. రాయి ఎక్కడుందని అడగలేదుగా" అంది పిల్ల, గౌను మళ్ళీ మడతపెడుతూ. "అన్నిట్లో అదే బరువు. అసలుది అదే కదండీ?"

నాలుగేళ్ళుగా అక్కయ్య ఎదురుచూసిన మాట అది. రాయిని రెండు చేతుల్లో పెట్టుకుని పిల్ల ముందుకు చాపింది.

"అవునమ్మా, అదే. ఇంకోసారి పట్టుకో. ఇక్కడ బొటనవేలు పెట్టి చూడు."

పిల్ల చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దండీ. మళ్ళీ నా సంచే తెరుస్తారు."

బస్సు వెళ్ళిపోయింది. డైరెక్టరమ్మ చెవిన ఏమీ పడలేదు, బల్ల ఉన్నచోటే ఉంది. సాయంత్రం తాళం వేసే ముందు అక్కయ్య రాళ్ళు లెక్కపెట్టింది. పన్నెండూ ఉన్నాయి. అక్కడే స్టూలు మీద కూలబడి కూతురికి ఫోను చేసింది.

"ఆ రబ్బరు ముక్క నీకు ఎక్కడిదే?"

"ఏ రబ్బరు?"

"చిన్నప్పుడు. నీ డబ్బాలో ఉన్నది."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ?"

"అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా, చెప్పు."

కూతురు మెల్లగా చెప్పింది.

"నాకు లేదని నా పక్కపిల్ల తనది కోసి సగం ఇచ్చింది. నువ్వు తీసుకెళ్ళి టీచరుకు ఇచ్చేశావుగా. ఆ తర్వాత ఆ పిల్ల నా పక్కన కూర్చోలేదమ్మా."