దాహం మాట మా ఇంటిది

గుడ్ ఫ్రైడేకి సెలవులు కలిసొస్తే జనం అరకు వెళ్తారు, ఊటీ వెళ్తారు. నేను రాజోలు వెళ్ళాను. నా ఇష్టం కాదు, మా మేనత్త కరుణమ్మగారి హుకుం. బుధవారం పొద్దున్న నేను బడికి బయలుదేరుతుంటే ఫోను చేసి, "సునీతా, రేపు మధ్యాన్నం భోజనానికి ఇక్కడుండాలి నువ్వు. బ్లెస్సీ మాట చెప్పనంటోంది. నువ్వయితే దారికి తెస్తావు," అని పెట్టేసింది. అత్తయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. ఎదుటివాళ్ళు ఏమంటారో వినే అలవాటు ఉద్యోగంలో చేరిన రోజే వదిలేసింది.

ఈ "మాట" సంగతి తెలియని వాళ్ళకి చెప్పాలి. గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఆరాధన ఉంటుంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. వేరే ఊళ్ళలో ఆ ఏడుగురినీ పాస్టరుగారు ఎంచుతారు. మా ఊళ్ళో పాస్టరుగారికి ఆ కష్టం లేదు. ఏడు మాటలూ ఏడు ఇళ్ళకి ఎప్పుడో పంచేసి ఉన్నాయి, అన్నదమ్ములు కొబ్బరితోట పంచుకున్నట్టు. మా ఇంటిది అయిదోది, దాహమవుతోందని ఆయన అడిగిన మాట. మా తాతగారి తరవాత అది అత్తయ్యకి వచ్చింది. అత్తయ్యకి ఒక్కతే కూతురు, మా వదిన, కువైట్‌లో నర్సు. సెలవు దొరకదు. అందుకని ఈసారి వదిన కూతురు బ్లెస్సీ చెప్పాలి. బ్లెస్సీ కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది.

బ్లెస్సీ చెప్పకపోతే ఏమవుతుంది? అత్తయ్యే చెబుతుంది. ఊరి కట్టుబాటు ప్రకారం మాట చెప్పేవాళ్ళు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అత్తయ్యకి షుగరు. కిందటేడు మాట ముగించి మెట్లు దిగుతూ పడిపోయింది. ఇంకోసారి ఉపవాసమంటే నా దగ్గరికి రావద్దని డాక్టరుగారు తెగేసి చెప్పారు. అత్తయ్య డాక్టరునైనా మారుస్తుందిగాని మాటని పక్కింటికి పోనివ్వదు. నాలుగో మాట వాళ్ళు చాలా ఏళ్ళుగా దాని మీద కన్నేసి ఉన్నారు.

సికింద్రాబాదులో సాయంత్రం బండి ఎక్కాను. ఆర్.ఏ.సీ. టికెట్టు, అంటే సగం సీటు. మిగతా సగంలో రావులపాలెం అరటికాయల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. నేను ఎందుకు వెళ్తున్నానో విని ఎంతో జాలిపడ్డాడు.

"మూడు గంటలు కూచోవాలాండీ? ఈ ఎండల్లోనా? ఫేన్లుంటాయాండీ?"

"ఉంటాయండి. కరెంటు ఉండదు."

"ఆయ్, అదే కదండి మరి," అని తన అరటిపళ్ళలో రెండు నాకు ఇచ్చాడు. మూడు గంటలకి సరిపడా బలం అన్నాడు.

తెల్లారి అయిదున్నరకి రాజమండ్రిలో దిగాను. ఈ దారిన రాదలుచుకున్న వాళ్ళకి ఒక సలహా. స్టేషను బయట ఆటోవాళ్ళు చెప్పే రేటుకి సగం చెప్పండి, నవ్వుతూ చెప్పండి. బస్టాండు దగ్గర నాలుగిడ్లీ, అల్లం చట్నీ తిని ఆరున్నరకి అమలాపురం బస్సు ఎక్కాను. గోదావరి దాటేదాకా కిటికీ సీటు బాగానే ఉంది. రావులపాలెంలో అరటిగెలలు, కొత్తపేటలో కాలేజీ పిల్లలు ఎక్కాక నా ఒళ్ళో ఎవరి సంచి ఉందో నాకే తెలియలేదు. ఆ సంచి బండారులంక ఆవిడదని తరవాత తేలింది. నేత చీరలు అమ్మి వస్తోంది.

"గుడ్ ఫ్రైడేకి తెల్లచీరలు మా దగ్గరే కొంటారండి," అంది. "ఈ వారం మాకు మంచి బేరాలు. మీ దేవుడు చల్లగా ఉండాలండి."

ఈ మనవి పైవాళ్ళకి చేరేస్తానని మాటిచ్చాను.

అమలాపురంలో టీ తాగి రాజోలు బస్సు పట్టుకున్నాను. పాశర్లపూడి వంతెన మీద కాసేపు గాలి తగిలింది, తాటిపాక వచ్చేసరికి అదీ పోయింది. రాజోలు నుంచి కాలవగట్టు మీద షేరాటో. పదకొండున్నరకి అత్తయ్య గుమ్మంలో ఉన్నాను. పండక్కి ముందు నలభై రోజులూ మా ఇళ్ళలో నీసు వండరు. కోనసీమ దాకా వచ్చి మామిడికాయ పప్పు, ములక్కాడ పులుసు తిన్నాను. రొయ్యలు చవగ్గా దొరికే రోజుల్లో ఈ నియమం ఎవరు పెట్టారోగాని వాళ్ళకి రొయ్యలు పడవని నా అనుమానం.

భోజనమయ్యాక అత్తయ్య కళ్ళతోనే నన్ను పెరట్లోకి తోలింది. బ్లెస్సీ కాలవ రేవు మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. నేను పక్కన కూర్చోగానే ఫోను బోర్లించింది.

"అమ్మమ్మ పంపిందా అత్తా?"

"కాదు, గాలికి వచ్చాను."

"గాలెక్కడుంది ఇక్కడ," అని నవ్వింది. "నువ్వు నమ్ముతావా అత్తా? నిజం చెప్పు," అంది.

నేను క్రిస్మసుకి చర్చికి వెళ్తాను. కేకు బాగుంటుంది. మిగతా ఆదివారాలు దేవుడికీ నాకూ సెలవు. అదే చెప్పాను.

"మరి నన్నెలా చెప్పమంటావు? నమ్మకం ఉందో లేదో నాకే తెలీట్లేదత్తా. హాస్టల్లో పడుకునే ముందు ప్రార్థన చేస్తాను, సగంలో ఎవరితో మాట్లాడుతున్నానా అనిపిస్తుంది. ఇది పెట్టుకుని మైకు ముందు నిలబడి అబద్ధాలాడనా? చిన్నప్పుడు పెన్సిలు పోయిందని అబద్ధం ఆడితేనే అమ్మమ్మ బెత్తం విరిగింది."

ఇది మొండితనం అనుకుని వచ్చాను నేను. కాదు, దీనికి ఆ మాట మీద మా అందరికంటే భయభక్తులు ఎక్కువ. నాకు ముద్దొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

"తెలిసినంతవరకే చెప్పవే. రెండు ముక్కలైనా చాలు."

"రెండు ముక్కలకి ఊరుకుంటారా?"

"నలభై నిమిషాలు చెప్పేవాళ్ళనే ఊరుకుంటున్నారు."

చివరికి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. రేపు అమ్మమ్మ టిఫిను తిని, మాత్ర వేసుకుని చర్చికి రావాలి. అత్తయ్య "ఆయ్, అలాగే," అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే మాకు అనుమానం రావలసింది.

శుక్రవారం పదకొండున్నరకి ముగ్గురం తెల్లచీరల్లో బయలుదేరాం. బ్లెస్సీ చీర నేనే కట్టాను, పిన్నీసులు పట్టాల్సినన్ని పట్టాయి. చర్చి నిండిపోయింది. కిటికీల్లో కూడా మనుషులు. పన్నెండుకి గంట కొట్టారు, పన్నెండు దాటగానే కరెంటు పోయింది. జనరేటరు ఉంది, కాని అది మైకుకీ కీబోర్డుకీ మాత్రమే చాలుతుంది. ఫేన్లు ఆగిపోయాయి, కీబోర్డు విషాదంగా మోగుతూనే ఉంది.

మొదటి మాట క్షమాపణ గురించి. రిటైరైన తాసీల్దారుగారు లోకంలో ఉన్న అందరినీ క్షమించారు. పొలం గట్టు జరిపిన సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది. ఆ తమ్ముడు మూడో వరసలోనే కూర్చుని చెవులు గోక్కుంటున్నాడు. రెండో మాట ఆయనకి పరదైసు అనే స్వర్గం ఎలా ఉంటుందో వివరించడానికి అరగంట పట్టింది, వింటున్న మాకు దాని అవసరం తెలిసొచ్చింది. మూడోది ప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట. ఆ మాట చెప్పిన ఆవిడ కోడళ్ళ గురించి చెప్పింది. అత్తగార్లందరూ వెనక్కి తిరిగి తమ తమ కోడళ్ళని చూశారు. నాలుగో మాట ఆయన, దేవుడు తన చెయ్యి విడిచాడని ప్రభువు పెట్టిన కేకని ఎంత గట్టిగా వేశాడంటే మైకు కూడా కూత పెట్టింది. పాస్టరుగారు గోడ గడియారం వంక చూశారు. రెండుంబావు. ఇంకా మూడు మాటలున్నాయి.

అప్పుడు బ్లెస్సీ నా చెవిలో, "అమ్మమ్మ చేతులు చూడత్తా," అంది.

ముందు వరసలో పక్కగా కూర్చున్న అత్తయ్య చేతులు వణుకుతున్నాయి. జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది. పొద్దున్న ఇడ్లీ పళ్ళెం ఖాళీగా కనిపిస్తే తినేసిందనుకున్నాం. మాట తను చెప్పకపోయినా ఉపవాసం మానలేదు, తిన్నది కోళ్ళన్నమాట. మాత్ర మాత్రం షరతు ప్రకారం వేసుకుంది. ఖాళీ కడుపు మీద వేసుకుంది.

నేను లేవబోయేలోపే అయిదో మాట పిలిచారు. బ్లెస్సీ తన సంచి తీసుకుని మెట్లెక్కి మైకు ముందు నిలబడింది.

"నాకు ఎక్కువ తెలీదండి," అంది. కీబోర్డబ్బాయి వాయించబోతే చెయ్యి చూపించి ఆపింది. "నాకు నమ్మకం ఎంతుందో కూడా తెలీదండి. ఇది చదివితే ఒక్కటి కనబడింది. ఆయన నాలుగు వేల మందికీ అయిదు వేల మందికీ అన్నం పెట్టేరు. తనకోసం ఎవరినైనా అడగడం ఎక్కడో తప్ప లేదు. చివర్లో దాహమేసింది. అడిగేరు. అంతమందిలో, తనని కొట్టినవాళ్ళనే అడిగేరు. దేవుడై ఉండి అడిగేరు. మా అమ్మమ్మ అడగదండి. మా తాతయ్య పోయినప్పుడు అడగలేదు, మా అమ్మ కువైట్ వెళ్ళినప్పుడు అడగలేదు. ఇప్పుడు కళ్ళు తిరుగుతున్నా అడగదు. ఎందుకో నాకు అర్థం కాదు."

అని, మైకు వదిలేసి కిందికి దిగింది. సంచిలోంచి సీసా తీసింది. గ్లూకోజు కలిపిన నీళ్ళు. అమ్మమ్మ ఇచ్చే మాట ఎంత గట్టిదో దానికి ముందే తెలుసన్నమాట. అత్తయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని సీసా మూత విప్పింది.

ఆరాధన ముగిసే గంట కొట్టకుండా నీళ్ళు ముట్టినవాళ్ళు ఆ చర్చి పుట్టాక లేరు. నాలుగో మాట ఇంటివాళ్ళు ముందుకి వంగి మరీ చూస్తున్నారు. అత్తయ్య మొహం కందిపోయింది. ఊరు ఊరంతా చూస్తోంది, తనేమో ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషి. చెంపమీద కొడుతుందేమో అనుకున్నాను.

"తాగు అమ్మమ్మా," అంది బ్లెస్సీ. అది ఏడుస్తోంది.

అత్తయ్య సీసా అందుకుంది. రెండు చేతులతో పట్టుకుని తాగింది, సగం దాకా తాగింది. పమిటతో మూతి తుడుచుకుంది. తరవాత అందరికీ వినపడేలా, "మధ్యలో దిగి రాకూడదు. వెళ్ళి ప్రార్థనతో ముగించు," అంది.

బ్లెస్సీ వెళ్ళి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా అమ్మమ్మ," అని ఆగిపోయింది. "ఆమేన్," అంది. చర్చంతా ఆమేన్ అంది. తాసీల్దారుగారు దగ్గి, "ఆ సీసా ఇలా కూడా ఇవ్వమ్మా," అన్నారు. ఆరో మాట, ఏడో మాట కలిపి పావుగంటలో అయిపోయాయి.

తరవాత చర్చి ఆవరణలో మజ్జిగ, పులిహోర పెట్టారు. అత్తయ్య తింది, బ్లెస్సీతో మాత్రం మాట్లాడలేదు. సాయంత్రమంతా మాట్లాడలేదు. "నలుగుర్లో తల కొట్టేసినట్టు చేసేనా అత్తా?" అని అది నన్ను పదిసార్లు అడిగింది. శనివారం పొద్దున్న బయలుదేరుతుంటే అత్తయ్య నన్ను గేటు దాకా సాగనంపి, "అలా చెయ్యమని నువ్వు గాని చెప్పేవా?" అంది. లేదన్నాను. "ఊఁ," అంది. ఆ ఊఁకి అర్థమేమిటో నేను రాజోలు బస్సెక్కేదాకా ఆలోచించాను.

అమలాపురంలో బస్సు మారి, ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు కొని, పన్నెండింటికి రాజమండ్రి బస్సులో కూర్చున్నాను. ఈ ప్రయాణం చెయ్యదలుచుకున్న వాళ్ళు గుడ్ ఫ్రైడేకి కాక క్రిస్మసుకి వెళ్ళండి, చల్లగా ఉంటుంది, కూరలుంటాయి. తాతలనాటి మాటని పిల్లల చేతుల్లో పెట్టడం ఎలాగో నేర్చుకుందామని వెళ్ళేవాళ్ళకి మాత్రం నేనేమీ చెప్పలేను. ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ చెమటలు పట్టడం చూశాను, అంతే.

కొత్తపేట దాటుతుండగా బ్లెస్సీ ఫోను చేసింది.

"అత్తా, అమ్మమ్మ మాట్లాడింది."

"తిట్టిందా?"

"లేదు. రేపు ఈస్టరు కదా, తెల్లారకముందే సమాధుల దగ్గర ఆరాధన. చీకట్లో గట్టు మీద నడవలేకపోతున్నానే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తావా అంది. అడిగిందత్తా. నన్ను అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఆయ్ అన్నాను," అంది.

ఫోను పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు. నిండు బస్సులో ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. పక్కసీటు పెద్దాయన కాసేపు ఓపికపట్టి, మెల్లగా, "ఎవరన్నా పోయేరాండీ?" అని అడిగాడు.

"లేదండి," అన్నాను. "రేప్పొద్దున్న మావాళ్ళిద్దరూ కలిసి ఆరాధనకి వెళ్తున్నారు."