పక్కింటి అక్క కోసం వేసిన దోశలు

నా చిన్నప్పుడు డబ్లిన్ దగ్గర లూకన్‌లో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నాకు సైకిల్ నేర్పింది తనే. ఒక వసంతంలో ఆ అక్కే సైకిల్ మీద ఒక పక్కకి ఒరిగిపోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే తలనొప్పి, వాంతులు. ఏమైందని అడిగితే "అయామ్ గ్రాండ్, బానే ఉన్నా" అని నవ్వేసేది. మా వీధిలోని డాక్టరు చూసి వెంటనే పెద్దాసుపత్రికి పంపారు. మెదడులో కణితి అన్నారు.

ఆపరేషన్ చేశారు, రేడియేషన్ ఇచ్చారు. కొన్ని నెలలు అక్క కోలుకుంది. కానీ జబ్బు తిరగబెట్టింది. పిల్లలకొచ్చే ఈ కణితికి మందులు తక్కువని, పరిశోధనకు డబ్బు చాలడం లేదని డాక్టర్లు చెప్పారట. కరీంనగర్ నుంచి వచ్చిన వాళ్లమ్మ, అంటే మా ఆంటీ, స్కూలు హాల్లో అందరికీ దోశలు వేసి, వచ్చిన విరాళం పరిశోధనకు పంపుదామనుకుంది. "చట్నీలో కారం తగ్గించు మమ్మీ, మా టీచర్ విల్ క్రై" అని అక్క మంచం మీంచే నవ్వింది.

ఆ దోశల రోజు రాకముందే అక్క వెళ్లిపోయింది.

ఇక అది జరగదనుకున్నాం. దినాలు అయ్యాక మా అమ్మతో వాళ్లింటికి వెళ్తే, వంటింట్లో ఆంటీ దోశలకి పప్పు నానబోస్తోంది. "ఇప్పుడెందుకు వదినా, మేం చూసుకుంటాంగా" అంది అమ్మ. నేను ఉండబట్టలేక, "ఆంటీ, మందు వచ్చినా అక్కకి ఇవ్వలేం కదా?" అని అడిగేశాను. అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది.

ఆంటీ చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "ఇయ్యలేం బిడ్డా. కని అక్కకు ఇచ్చిన మందు ఏడికెల్లి వచ్చింది? మనకు తెల్వనోళ్లు ఎప్పుడో పైసలిచ్చిండ్రు. దాంతోనే ఇంకో ఎండకాలం నాతోని ఉన్నది. మరి ఇంకో తల్లికి మనం ఇయ్యొద్దా?"

శనివారం హాలంతా నిండింది. ఆంటీ వేసిన మొదటి దోశ పెనానికి అంటుకుని చిరిగింది. ఆమె అలాగే నిలబడి ఏడ్చింది. వరసలో ఉన్న ఒక ఐరిష్ తల్లి ముందుకొచ్చి ఆమె వీపు నిమిరింది. ఆ తల్లి ఎత్తుకున్న పాప నెత్తిన ఉన్ని టోపీ, కింద జుట్టు లేదు. ఆంటీ కళ్లు తుడుచుకుని రెండో దోశ వేసి ఆ పాపకే తినిపించింది.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. ఆ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. అయినా "దీనివల్ల మనకేంటి?" అనే మాట నా నోట ఎప్పుడూ రాదు. నా దుఃఖం తీరాక ఎవరికైనా సాయం చేద్దామని ఆగడమూ నాకు చేతకాదు.