బీరువాలో మోగిన వాన

మా చిన్నప్పుడు... అని మొదలుపెడితేనే ఇక్కడ నెట్టులో అందరూ చదువుతారట. మా చిన్నప్పుడు ఇంట్లో రేడియో కూడా లేదు. అందుకని మా మనవరాలు లావణ్య చిన్నప్పటి సంగతి రాస్తున్నాను. నాకప్పటికే అరవై దాటాయి... అయినా ఆ వేసవిలో నేనూ చిన్నపిల్లనే.

ఇవాళ ఆదివారం. రేపు కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్నాం. పొద్దున జరిగిన ఒక చిన్న విషయం వల్ల ఇది రాయక తప్పలేదు. అదేమిటో చివర్లో చెబుతాను.

2009... ఒంటిపూట బడుల రోజులు. మా అబ్బాయి గుంటూరు వెళ్లి స్మార్ట్‌ఫోను కొనుక్కొచ్చాడు. పైన రంగురంగుల తెర, కింద కందిగింజలంత మీటలు. వారం తిరక్కుండానే, "దీనికి టార్చిలైటు లేదమ్మా, రాత్రిపూట చేలోకి ఎట్టా పోను" అని మళ్లీ పాత ఫోనే జేబులో వేసుకున్నాడు. కొత్తది లావణ్య చేతికొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. వినుకొండలో ఉండే మా అమ్మాయి కూతురు సిరితో చాటింగు మొదలుపెట్టింది.

నేను ఊరుకుంటానా... నియమాలు పెట్టాను. ఫోను పగలంతా బీరువాలో ఉండాలి. తాళాలగుత్తి నా బొడ్లో. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా డాబా మీద, నా ఎదుట, వచ్చిన ప్రతి మెసేజీ పైకి చదవాలి. ఈ నియమం ఒక్కసారి తప్పినా ఫోను అమ్మేయడమే అన్నాను. అన్నానంటే చేస్తానని ఆ పిల్లకి తెలుసు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు... తిన్నావా అని అది, తిన్నానని ఇది. ఏం కూర అంటే దొండకాయ. ఈ మాత్రానికి ఫోను దేనికి అని విసుక్కునేదాన్ని. కానీ సిరి పేరు పక్కన పచ్చ చుక్క వెలిగిందంటే... అంత దూరాన ఆ పిల్ల అదే క్షణంలో ఫోను పట్టుకుని కూర్చుందన్నమాట! ఆ ముచ్చట చెప్పలేను. ఐదు కొట్టకముందే తాళాలగుత్తి తడుముకునేదాన్ని. దొండకాయ వేపుడో పులుసో అడగమని నేనే పురమాయించేదాన్ని.

ఆ రోజు ఇంటి వెనక కల్లం నిండా కాయలు. ఏడాది కష్టమంతా ఎర్రగా పరుచుకుని ఉంది. వాన తగిలిందా, కాయ రంగు పోయి తాలవుతుంది... ఇక ఎవరూ కొనరు. కూలీల మేస్త్రి మరియమ్మ తన జట్టు ఆడవాళ్లతో కాయలు ఏరుతోంది. భోజనాలయ్యాయి. ఎండ ఫెళ్లున కాస్తోంది.

బీరువాలో టుంగుమంది. మళ్లీ టుంగు... మళ్లీ...

లావణ్య బీరువా వంకా, నా వంకా చూసింది.

"నానమ్మా, సిరొదిన ఈ టైంలో ఎప్పుడూ మెసేజ్ పెట్టదు."

ఐదింటికి చూద్దువులే అన్నాను. బీరువా ఊరుకోలేదు. మోగుతూనే ఉంది. ఆ పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లలో నీళ్లు.

"రేపు ఫోను అమ్మేయ్ నానమ్మా. ఇప్పుడు మాత్రం తియ్యి."

తీశాను.

వినుకొండలో వడగళ్లు పడుతున్నాయట. గాలి మావైపే తోస్తోందట. వాళ్లమ్మ ఇంట్లో లేదని, మాట్లాడ్డానికి ఫోన్లో డబ్బుల్లేవు, నెట్టు మాత్రం ఉందని, ఫొటో పంపుతున్నానని, త్వరగా చూడమని వరసగా అన్నీ సిరి మెసేజీలే.

మా ఆయన మంచం మీంచి లేవలేదు. పిల్లల పరాచికాలు అని కొట్టిపారేశారు. మరియమ్మ ఆకాశం చూసి నవ్వింది.

"మబ్బు తునక లేదు గదమ్మగారా. ఇప్పుడు కుప్పేసి మళ్లా ఆరబొయ్యాలంటే, నా నడుం మీరిస్తారా?"

సిగ్నలు కోసం అందరం డాబా ఎక్కాం. లావణ్య పిట్టగోడ పక్కన ఫోను పైకెత్తి పట్టుకుంది. ఫొటో పైనుంచి కిందికి, పేలిక పేలికగా దిగుతోంది... ముందు నల్లటి ఆకాశం. తర్వాత ఒక కొబ్బరిచెట్టు, తల ఒక పక్కకి వాలిపోయి. దాని వెనక కనపడాల్సిన కొండ కనపడలేదు... మబ్బు మింగేసింది. అక్కడ ఆగిపోయింది ఫొటో. మళ్లీ కదిలింది... సిరి అరచెయ్యి. అందులో కుంకుడుకాయలంత వడగళ్లు.

మరియమ్మ నాకోసం ఆగలేదు. "లేవండే, పట్టాలు తియ్యండి" అని మెట్ల మీంచే కేకేసింది.

ఇక చూడండి... పారలు, చీపుర్లు, బుట్టలు! పక్క కల్లాలవాళ్లకీ కేకలేశాం. మా ఆయన తలగుడ్డ చుట్టుకుని కుప్ప మీదకెక్కారు. నేను చీర చెంగు బిగించి, కాయల మీద కప్పే పట్టా కొస పట్టుకున్నాను. ఆఖరి కొస మీద రాయి పెట్టామో లేదో, గాలి ఒక్కసారి విరుచుకుపడింది. వెనకే వాన!

అందరం వరండాలోకి చేరి, తడిసిన మొహాలతో ఒకరినొకరు చూసుకుని నవ్వడమే నవ్వడం. సిరికి ఏం రాయమంటావని లావణ్య అడిగింది. ఇలా ఇయ్యి అన్నాను. వాన వచ్చింది, కాయలు భద్రం... ఒక్కో మీటా వెతుక్కుంటూ ఆ నాలుగు మాటలు కొట్టేసరికి వాన సగం వెలిసింది. నా మొదటి మెసేజీ అది.

మర్నాడు ఫోను అమ్మలేదు. బీరువాలోనూ పెట్టలేదు. వరండాలో మేకుకి వేలాడదీశాను... ఎప్పుడు మోగినా వినపడేట్టు.

ఇప్పుడు పొద్దుటి సంగతి. రేపు కాయలు పోస్తున్నాం, వినుకొండ వైపు మబ్బేమైనా ఉందా అని మా కుటుంబం గ్రూపులో అడిగాను. బోలెడన్ని దండాలొచ్చాయి. గులాబీలొచ్చాయి. "సూపర్ అమ్మమ్మా" అని ఒకటొచ్చింది. తల పైకెత్తి ఆకాశం చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు...

కాబట్టి ఇక జరగవలసినవి:

1. వినుకొండ వైపు ఎవరున్నా సరే, ఇది చదవగానే బయటికొచ్చి, ఆకాశం ఎలా ఉందో ఉన్నదున్నట్టు కింద రాయాలి. పువ్వులు వద్దు.

2. మిగతావాళ్లు... మీ మొదటి పచ్చ చుక్క ఎవరిదో చెప్పాలి. వాళ్లతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారో కూడా.

3. లావణ్యా, సిరీ... మీ ఉద్యోగాలు మీకున్నాయని తెలుసు. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఇద్దరూ చాటింగులోకి వచ్చి, ఏం కూరో చెప్పాలి. నేను డాబా మీద ఉంటాను.