గాలివానకి గొట్టం కాపలా

ఎండకి కాలిన డాబా మీద తొలి చినుకులు పడ్డప్పుడు లేచే వాసనకి చదువుకున్నవాళ్ళకి కవిత్వం వస్తుందంటారు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నాకు మాత్రం, ఎక్కడున్నా సరే, చేతికందిన గొట్టం పట్టుకుని పక్కకి తిప్పాలనిపిస్తుంది. ఒకసారి హనుమాన్ జంక్షన్ బస్సులో ఆ వాసన తగిలి ముందు సీటు కమ్మీని తిప్పబోయాను. కండక్టరు చూసిన చూపు ఇంకా గుర్తే.

నూజివీడు దాటాక మామిడితోటల మధ్య మా ఊరు. మా బోరు నీళ్ళు ఉప్పన. కందిపప్పు పొద్దున పొయ్యెక్కిస్తే మధ్యాహ్నానికీ గులకరాళ్ళలా గలగలమనేది. తోటపని నుంచి వచ్చిన అమ్మ మళ్ళీ బిందె చంకనెత్తుకుని ఊరవతల బావిదాకా నడిచేది. ఒక వేసవిలో ఆమె నడుం పట్టేసింది. దాంతో నాన్న డాబా తూముకి గొట్టం తగిలించి, పెరట్లో సిమెంటు తొట్టి కట్టి, ఇక వంటకీ తాగడానికీ వాననీళ్ళే, డాబా మీద ఇంకేమీ పెట్టకూడదు అన్నాడు. ఏటా ఆ డాబా మీదే మామిడితాండ్ర ఎండబెట్టే నాయనమ్మ, "మరి నా తాండ్ర ఎక్కడ ఎండబెట్టమంటావురా, నీ నెత్తిమీదా?" అంది. నాన్న నెత్తి అందుకు వీలుగానే నున్నగా ఉండేది.

మొదట దిగే నీళ్ళతో పావురాల రెట్టలూ, తోటల్లోంచి ఎగిరొచ్చిన ఎండు పూతా వచ్చేవి. వాటిని బయటికి పోనిచ్చి, తేటపడ్డాకే గొట్టాన్ని తొట్టిలోకి తిప్పాలి. అమ్మానాన్నా తోటలో ఉంటారు, నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు, మిగిలింది నేను. మబ్బు పడితే గడప దాటడానికి లేదు.

ఇందులో అన్యాయం మామిడి ఊళ్ళలో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. వానని తెచ్చే గాలే కాయల్నీ రాలుస్తుంది, మా వైపు రాలిన కాయ ఏరుకున్నవాడిదే. గాలి లేవగానే ఊరి పిల్లలంతా గోనెసంచులు నెత్తిన కప్పుకుని, "ఒరేయ్, రసాలు రాలుతున్నాయి, రారా!" అంటూ మా వాకిలి ముందునుంచే పరుగెత్తేవాళ్ళు. కట్టేసిన దూడలా నేను గొట్టం దగ్గర నిలబడి, జల్లు మొహాన కొడుతుంటే, పక్కతోటలో కాయలు దబ్బుదబ్బున నేలకి తగలడం వింటూ, ఏ చప్పుడు పెద్దరసానిదో ఏది చిన్నరసానిదో పోల్చుకునేవాణ్ణి.

"తేటపడ్డాయేంట్రా?" అరుగు మీంచి నాయనమ్మ.

"లేదు, ఇంకా టీలా ఉన్నాయి."

"అయితే ఉండు, పంచదార తెస్తాను."

సాయంత్రం అమ్మ కొంగునిండా రాలుకాయలతో వచ్చి, ముందు తొట్టి మూతెత్తి చూసి, అప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలేది. "కాయలు నేను తెచ్చాగా, ఇంకేంటి ఏడుపు?" అనేది. తెచ్చిపెట్టిన కాయా ఏరుకున్న కాయా ఒకటి కాదని చెప్పడం చేతకాక, వెన్నలా ఉడికిన మామిడికాయ పప్పుని మూతి ముడుచుకునే మారు వడ్డించుకునేవాణ్ణి.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పాత తొట్టి బీటలువారింది. ఈ ఏడు బోరు కూడా ఎండిపోతే, నేనూ కొత్త తొట్టి కట్టి, ఇల్లంతా వాననీళ్ళకే మార్చి, మళ్ళీ గొట్టానికి కాపలా చేరాను. మొన్న గాలి లేచింది. వాకిలి ముందు ఎవరూ పరుగెత్తలేదు. ఒకప్పుడు పక్కతోట ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళూ, వాటి వెనక ఆయిల్‌పామ్ వరసలూ. ఎంత చెవిపెట్టినా దబ్బుమన్న చప్పుడే లేదు.

"పుట్టిందగ్గర్నుంచీ నన్నీ గొట్టానికే కట్టేశారు. ఒక్క గాలికైనా తోటకెళ్ళనిచ్చారా?" అన్నాను మా ఆవిడతో.

ఆమె వచ్చి గొట్టం నా చేతిలోంచి తీసుకుంది.

"నేను పట్టుకుంటాను, వెళ్ళి ఏరుకు రండి. ఏ తోటకెళ్తున్నారో మాత్రం చెప్పి వెళ్ళండి."