‘ఓచి’ అన్న మాట

కర్నూలు వన్‌టౌన్‌లో జపనీస్ వచ్చిన మనిషి ఎవరని అడిగితే ఆటోవాళ్ళు కూడా శివలీల ఇల్లు చూపిస్తారు. గొప్ప మనిషని కాదు, వింత మనిషని. కిందింట్లో వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మ జాకెట్లు కుడుతుంది. మేడమీద గదిలో ముప్పై ఏళ్ళు నిండిన కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని కత్తియుద్ధాలు చేస్తుంటుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు పైనుంచి వినిపించే చావుకేకలకు ఉలిక్కిపడితే, నాగలక్ష్మమ్మ నోట్లో గుండుసూదులు తియ్యకుండానే సర్దిచెబుతుంది.

“ఏం లేదులేమ్మా. మా పాప పని చేస్తాండాది.”

తల్లి చెప్పేది పూర్తిగా అబద్ధమూ కాదు. శివలీలకు పనెక్కడ అయిపోయి ఆటెక్కడ మొదలవుతుందో శివలీలకే తెలియదు. ఆ రెండింటి మధ్య గోడ లేకపోవడమే తర్వాత కొంపముంచింది.

ఆమెకు జపనీస్ నేర్పింది ఏ పంతులూ కాదు. ఇంటర్ చదివే రోజుల్లో మేనమామ కొడుకు పెన్‌డ్రైవ్‌లో ఒక ఆట ఇచ్చాడు. అందులో ఇంగ్లిష్ ముక్క లేదు. ఏ తలుపు మీద ఏం రాసుందో తెలియక లోపలికి పోయి వందసార్లు చచ్చింది. నూటొకటోసారి ఆ తలుపు మీది అక్షరాలు కాగితం మీద దించుకుని, నెట్‌లో వెతికి, ‘లోపల విషం’ అని అర్థం తెలుసుకుంది. చావు తప్పించుకోవడానికి నేర్చుకున్న భాష ఊరికే వంటబడుతుంది. ఆ తర్వాత అనిమే అనే జపాన్ బొమ్మల సినిమాలు కింద అక్షరాలు లేకుండా చూసింది. ఆ తర్వాత పాత నవలలు. హైదరాబాదు పోయి పరీక్షలు రాసింది, పాసైంది. అక్కడి ఏజెన్సీ ఒకటి మందుల చీటీలు, మిషన్ల పుస్తకాలు పంపితే ఇంగ్లిష్‌లోకి మార్చి ఇవ్వడం మొదలుపెట్టింది. కిటికీలోంచి కనబడేది ఎండకు మాడిన మిద్దెలూ నీళ్ళ ట్యాంకులూ. ఆమె మాత్రం పొద్దస్తమానం మంచు కురిసే ఊళ్ళలో తిరుగుతుండేది.

సాయంత్రాలు జపాన్ వాళ్ళతో కలిసి నెట్‌లో ఆడేది. ఆట మధ్యలో ఎవరైనా లేవాలంటే ‘ఓచిమాస్’ అని రాసి వెళ్ళిపోతారు. ‘ఓచి’ అంటే పడటం. ఆడేవాళ్ళ భాషలో మాత్రం ఆట ఆపేసి పోవడం. సర్వర్ ఆగిపోయినా ఆ మాటే, ఇంట్లో ఫ్యూజు పోయినా ఆ మాటే. పదేళ్ళుగా రోజూ చూసిన మాట. కళ్ళు మూసుకుని అర్థం చెప్పగలదు. కళ్ళు మూసుకునే చెప్పింది కూడా.

నిరుడు జూన్‌లో ఓర్వకల్లు దగ్గర కొత్తగా పెట్టిన రేకుల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. జపాన్‌లో మూతపడిన ఒక చిన్న కార్ఖానా నుంచి పాత ప్రెస్ మిషన్ కొనుక్కొచ్చారు. కింద రేకు పెట్టి కాలితో పెడల్ తొక్కితే పై దిమ్మ దబ్బున దిగి, రేకును పంపు మూతగా వంచి, పైకి పోతుంది. దాని పుస్తకం నూట నలభై పేజీలు. మిషన్‌ను ఒకసారి చూసి రాస్తే బాగుంటుందని సూపర్‌వైజర్ జయపాల్ పిలిచాడు. శివలీల స్కూటీ మీద పోయింది.

షెడ్డులో మిగతా మిషన్లన్నీ కొత్తవి, నీలం రంగువి. ఇదొక్కటే గోడవారగా, పచ్చరంగు పెచ్చులూడిపోయి నిలబడి ఉంది. ఆమెకు ఎందుకో దాని దగ్గరికి పోబుద్ధి కాలేదు. వెనక్కు పోయి చూస్తే, కింద మూలలో అరచేతిలో పట్టేంత తెల్ల పింగాణీ గిన్నె, జిగురుతో అంటించి ఉంది. అందులో గడ్డకట్టిన ఉప్పు.

“ఇదేంది మేడం?” అన్నాడు జయపాల్.

శివలీలకు ఒళ్ళు పులకరించింది. అనిమేలలో ఎన్నిసార్లు చూసిందో. “ఉప్పు దిష్టి సార్. మన మాదిరే. చెడు జరిగిన తావులో పెడతారు” అని సంబరంగా చెప్పింది. చెడు జరిగిన తావు అన్న మాట తన నోటివెంటే వచ్చింది. ఏం చెడు అని మాత్రం ఆమెకు తోచలేదు. జయపాల్ వెంటనే మనిషిని పంపి నిమ్మకాయ, మిరపకాయలు తెప్పించి ముందరవైపు కట్టించాడు.

ఉప్పు గిన్నెకు పైన, ఎవరో ముసలి పనివాడు మార్కర్‌తో రాసి అంటించిన అట్టముక్క ఉంది. జపనీస్‌లో ఆరే అక్షరాలు. ‘నిదో ఓచి, జాగ్రత్త’. నిదో అంటే రెండుసార్లు. శివలీల ఒక్క క్షణం కూడా ఆగలేదు. ‘ఈ మిషన్ రెండుసార్లు ఆగిపోతుంది, జాగ్రత్త’ అని ఇంగ్లిష్‌లో రాసింది. పనివాళ్ళ కోసం తెలుగులోనూ రాసిమ్మంటే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరేసి మిషన్ నొసటిమీద అంటించారు. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయే చోట రెండుసార్లు ఆగే మిషన్ ఎవరికి వింత? జయపాల్ ఒక స్టెబిలైజర్ పెట్టించాడు. అంతటితో ఆ మాట సంగతి అందరూ మరిచిపోయారు.

నూట నలభై పేజీల అచ్చు పుస్తకంలో ఆమె ఒక్క తప్పు చెయ్యలేదు. ఏజెన్సీవాళ్ళు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. నాగలక్ష్మమ్మ ఆ మెయిల్‌ను జాకెట్లకు వచ్చిన ప్రతి మనిషికీ చదివించింది. పదహారు నెలలు గడిచిపోయాయి. ఓర్వకల్లు నుంచి మంచి కబురూ రాలేదు, చెడ్డ కబురూ రాలేదు. కబురు రాకపోవడాన్ని మనం క్షేమమనుకుంటాం. మన తెలివి అంతే.

ఈ అక్టోబరులో ఒక ఆదివారం అన్నం తిని, శివలీల మంచం మీద పడుకుని ఒక నవల చదువుతోంది. ఎవరికీ తెలియని రచయిత, ఎక్కడో ఉత్తర జపాన్‌లో ఫ్యాక్టరీ ఊరి కథ. అందులో ఒక పిల్ల, ఊరుమ్మడి స్నానాల ఇంట్లో కలిసిన ముసలాయనను అడుగుతుంది, తాతా నీ వేళ్ళేమైనాయి అని. ఆయన నవ్వి రెండే మాటలంటాడు. “నిదో ఓచి.”

శివలీల చదువుతూ తర్వాతి వాక్యంలోకి పోయి, ఆగి, వెనక్కు వచ్చింది.

ఆ కింద రచయిత విడమరిచి రాశాడు. పెడల్ ఒక్కసారే తొక్కుతాం. దిమ్మ దిగి పైకి పోతుంది. పనైపోయిందని రేకు తియ్యడానికి చెయ్యి పెడతాం. అరిగిన బ్రేకు పట్టు తప్పితే, ఎవరూ తొక్కకుండానే దిమ్మ రెండోసారి దిగుతుంది. ప్రెస్ మిషన్ల మీద పనిచేసేవాళ్ళు దీన్నే నిదో ఓచి అంటారు. రెండోసారి పడటం.

శివలీల పుస్తకం పక్కన పడేసింది. లేచి పాత ఫైలు తెరిచింది. తను రాసిన తెలుగు అలాగే ఉంది. రెండుసార్లు ఆగిపోతుంది. ఆగిపోతుందని రాసిపెడితే మనిషి చెయ్యి పెట్టక ఏం చేస్తాడు? జయపాల్‌కు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఐదుసార్లు చేసింది. షిఫ్టు మొదలైతే ఫోన్లన్నీ పెట్టెలో వేయిస్తారని ఆమెకు తెలుసు. ఆదివారమూ అక్కడ రెండు షిఫ్టులు నడుస్తాయనీ తెలుసు.

“యాడికి ఇంత ఎండలో?” అంది తల్లి కుట్టుమిషన్ ఆపకుండానే.

“ఓర్వకల్లుకు. ఒక మాట తప్పు రాసినామ్మా.”

“ఒక మాటేగదా. రేపు దిద్దితే పోలా?”

శివలీల స్కూటీ తీసింది. పాతిక కిలోమీటర్లు. నంద్యాల రోడ్డులో లారీల మధ్య పోతుంటే, ఓర్వకల్లు రాళ్ళగుట్టలు ఎప్పటికీ దగ్గరకు రానట్టే ఉన్నాయి. దారి పొడుగునా ఆమెకు ఒక్కటే ఆలోచన. ఈ నిమిషంలో ఆ మిషన్ ముందు ఎవరో కూర్చుని ఉన్నారు. పెడల్ తొక్కుతున్నారు. చెయ్యి పెడుతున్నారు, తీస్తున్నారు. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టబోయి, భయమేసి మానుకుంది.

షెడ్డులో అడుగుపెట్టేసరికి ఆ పచ్చ మిషన్ నడుస్తూనే ఉంది. దాని ముందు స్టూలు మీద మహానంది అనే పాతికేళ్ళ మనిషి కూర్చుని రేకులు పెడుతూ తీస్తూ ఉన్నాడు. రెండు చేతులూ ఉన్నాయి. శివలీల పది వేళ్ళూ లెక్కపెట్టుకుంది.

జయపాల్ ఎదురొచ్చాడు. “ఏం మేడం, ఆదివారం పూట?”

“ఆ మిషన్ ఆపండి సార్.”

“మేనేజర్ చెప్పకుండా ఎట్ల ఆపల్ల మేడం? లోడ్ పోవల్ల సాయంత్రానికి.”

“దాని మీద కాగితం తప్పు. నేనే తప్పు రాసినా. రెండుసార్లు ఆగిపోవడం కాదు. రెండోసారి పడతాది.”

ఎట్లా తప్పు, ఎవరు చెప్పారు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు అని ఏదో ఒకటి అడుగుతాడని ఆమె దారంతా జవాబులు కూర్చుకుంటూ వచ్చింది. జయపాల్ ఏమీ అడగలేదు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయి, తానే పరుగున పోయి ఎర్ర బటన్ నొక్కాడు. దిమ్మ పైనే నిలబడిపోయింది. ఆయన ఏమీ అడగకపోవడం చూసే, అప్పటికే ఏదో జరిగిపోయిందని శివలీలకు అర్థమైంది.

“కొత్త కాగితం రాసియ్యండి మేడం” అన్నాడు కాసేపటికి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి. “పాతది నేను చించేస్తా. ఈ మాట ఈడనే వదిలేద్దాం. మీకూ మంచిది.”

“ఏంటికి సార్ వదిలేయాల? ఏం జరిగింది?”

ఆయన ఆఫీసు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. చెప్పింది మహానంది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

“నాకన్నా ముందర ఈ మిషన్ మింద ఉరుకుందప్ప మామ ఉండె అక్కా. మొన్న శ్రావణంలో ఆయప్ప చెయ్యి పోయింది. నేను ఒకసారే తొక్కినా, అదే మళ్ళా పడింది అని ఎంత మొత్తుకున్యా ఎవరూ ఇన్లే. విచారణకు వచ్చినోళ్ళు ఆ కాగితం చదివినారు. ఆగిపోతాదని రాసింటే పడిందంటావేమప్పా, తాగినావా అన్నారు. తాగి పనిచేసినాడని రాసుకొని పంపించేసినారు.”

శివలీల మిషన్ దగ్గరికి పోయింది. తన చేతిరాత కాగితం నొసటిమీద నుంచి ఊడబీకి, మడిచి సంచిలో పెట్టుకుంది. జయపాల్ తలుపు సందులోంచి చూశాడు గాని బయటికి రాలేదు. ఉరుకుందప్ప ఊరు ఓర్వకల్లుకు ఆరు కిలోమీటర్లు లోపలికని మహానంది చెప్పాడు. పోకుండా ఇంటికి తిరిగిపోతే అడిగేవాళ్ళెవరూ లేరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. రోడ్డెక్కే చోట బండి ఆపి, కర్నూలు వైపు కాసేపు చూసింది కూడా.

రేకుల వసారాలో ఉరుకుందప్ప కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. కుడిచెయ్యి తుండుగుడ్డ కింద ఉంది. భార్య సుబ్బక్క గడప దగ్గర జొన్నలు చెరుగుతోంది. కూర్చోమన్నా శివలీల కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం. నిలబడే అంతా చెప్పింది. తానెవరో, కాగితం రాసిందెవరో, ఆ మాటకు అసలు అర్థమేమిటో. సంచిలోంచి కాగితం తీసి అరుగుమీద పెట్టింది.

“తప్పు నాదే పెద్దాయనా. నువ్వు చెప్పిందే నిజం. ఎవరొచ్చి అడిగినా రాసిస్తా, యాడికి రమ్మన్నా వచ్చి చెప్తా.”

ఉరుకుందప్ప ఆ కాగితం వైపు చూశాడు. సుబ్బక్క చేటలో జొన్నలు కదలడం మానేశాయి.

“శ్రావణమాసమంతా ఈరన్న సామికి ఒక్కపొద్దు ఉంటా నేను” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “చుక్క ముట్టను. అయినా తాగినావా అన్యారు.” భార్య వైపు తిరిగాడు. “ఏమే, ఇన్నావా?”

సుబ్బక్క చెరగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనూ నమ్మలేదు గదప్పా నిన్ను” అని, చేట అక్కడే వదిలి లోపలికి పోయింది.

శివలీల తిట్లకు సిద్ధపడి నిలబడింది. కొట్టినా పడదామనుకునే వచ్చింది. ఉరుకుందప్ప గోడ పట్టుకుని లేచాడు. మూలనున్న కుండ దగ్గరికి పోయి, మోచేత్తో మూత పక్కకు నెట్టి, చెంబు ముంచాడు. సగం నీళ్ళు కిందపోయాయి. మిగిలిన నీళ్ళు తెచ్చి ఆమె ముందుకు చాపాడు.

“ఎండలో పడి వచ్చినావు, తాగు పాపా” అన్నాడు. “ఎడమ చేత్తో ఇస్తాండా. ఏమీ అనుకోవాకు.”